చేపపిల్లకు ఈత నేర్పాలా?

"చేపపిల్లకు ఈత నేర్పాలా?" అని మనందరం ఎప్పుడో ఒకప్పుడు అన్నవాళ్లమే. పుట్టుకతో వచ్చే విద్యను ఇంకొకరు నేర్పక్కర్లేదని దాని అర్థం. పోయిన ఏడాది వరకు నేనూ అలాగే నమ్మాను. మా మిద్దె మీద మూడు ఈతల ఏంజెల్ చేపపిల్లలు వరసగా చచ్చిపోయాక మాత్రం, ఈ సామెత పుట్టించినవాళ్లు గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన చేపపిల్లను దగ్గరగా చూసి ఉండరని అనిపించింది. ఆ పిల్లకు ఈత రాదు. ఇంకా నోరు కూడా తెరుచుకోదు. నీళ్లు ఎటు తోస్తే అటు పోతుంది. అది బతకడం, చావడం చాలావరకు తొట్టి ఆకారం మీద, అందులో నీళ్లు కదిలే తీరు మీద ఆధారపడి ఉంటుంది. నాకు తెలిసినంతలో ఆ సంగతే ఇక్కడ చెప్తాను.

తెలుగు శాఖ గోడపత్రికలో చేపల తొట్టి ఏంటని మీరు అడగొచ్చు. పోయిన నెల నేను రెండు రోజులు క్లాసుకు రాకపోతే మేడమ్ కారణం అడిగారు. "చేపపిల్లలకు గాలి మోటారు తిప్పుతూ కూర్చున్నాను మేడమ్" అన్నాను. క్లాసంతా నవ్వింది. "అయితే అదే రాసివ్వు" అన్నారు మేడమ్. ఇదిగో, రాశాను.

మా మిద్దె మీద జరిగింది

మేం ఉండేది మనలిలో. మా తాతగారి కాలంలో సూళ్ళూరుపేట వైపు నుంచి ఇక్కడికి పనికి వచ్చారు. నాన్నకు కాంట్రాక్టు పని. అది ఉన్నన్నాళ్లు ఉంటుంది, లేనప్పుడు లేదు. అందుకని అమ్మ నాలుగేళ్ల కిందట మిద్దె మీద రంగు చేపలు పెంచడం మొదలుపెట్టింది. మాకు దగ్గర్లోనే కొళత్తూరు ఉంది. రంగు చేపల పెంపకానికీ వ్యాపారానికీ దేశమంతటా పేరున్న చోటు అది. గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్, ఏంజెల్, ఫైటర్ అన్నీ అక్కడ చేతులు మారతాయి. ఇళ్లల్లో, మిద్దెల మీద పెంచి అక్కడి షాపులకు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మా అమ్మ వాళ్లలో ఒకతె.

గప్పీ, మోలీ పిల్లల్నే కంటాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. పుట్టగానే ఈదుతాయి, తింటాయి. సామెత వాటికి సరిపోతుంది. వాటికి ధర తక్కువ. ఏంజెల్‌కు కాస్త మంచి ధర వస్తుంది, అందుకని అమ్మ ఒక ఏంజెల్ జంటను తెచ్చింది. అవి పలక మీద ముత్యాల్లాంటి గుడ్లు వరసగా పెట్టేవి. గుడ్లు పొదిగి పిల్లలయ్యేవి కూడా. సరిగ్గా అవి ఈదడం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు, పొద్దున్నే లేచి చూస్తే తొట్టి మూలలో తెల్లటి పొడిలాగా కుప్ప పడి ఉండేవి. ఒకసారి కాదు, మూడుసార్లు.

అమ్మ మొదట దిష్టి అంది. తర్వాత మేత మార్చింది. తర్వాత మోటారు చాలదేమోనని ఇంకా పెద్దది కొనింది. మూడోసారి పోయాక తొట్లు అమ్మేస్తానంది. ఆ సంవత్సరం నా ఫీజు ఆ చేపల డబ్బులోంచే కట్టాలని అనుకున్నాం. "ఇంకొక్క ఈత చూద్దాం అమ్మా" అని నేను బతిమాలాను. ఆ రాత్రే కైకలూరు బాబాయికి ఫోన్ చేశాను. ఆయన అక్కడ ఒక చేపపిల్లల హేచరీలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నారు.

నేను చెప్పిందంతా విని బాబాయి మూడే ప్రశ్నలు అడిగారు. "నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయమ్మా? ఎక్కడికి పోతున్నాయి? మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నాయి?"

నా దగ్గర జవాబు లేదు. మేత గురించి, మందు గురించి అడుగుతారనుకున్నాను. నీళ్ల నడక గురించి ఎవరైనా అడుగుతారని అనుకోలేదు.

పుట్టిన పిల్లకు ఏముంటుంది?

ముందు ఆ పిల్ల సంగతి తెలియాలి. గుడ్డులోంచి వచ్చిన చేపపిల్లను లార్వా అంటారు. పొట్ట కింద ఒక చిన్న సంచి వేలాడుతుంది. అందులో గుడ్డు సొన ఉంటుంది. అమ్మ కట్టిచ్చిన చద్దిమూట లాంటిది అది. రెండు మూడు రోజులు దాన్నే కరిగించుకుని బతుకుతుంది. మొప్పలు ఇంకా పూర్తిగా పనిచేయవు, చర్మం ద్వారానే ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకని ఒంటిని ఆనుకుని ఉన్న నీళ్లు మారుతూ ఉండాలి. అక్కడే నిలిచిపోతే ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, ఊపిరాడదు.

సొన అయిపోయేలోపు నోరు తెరుచుకోవాలి, కళ్లు కనపడాలి, మేత దొరకాలి. వీటిలో ఏది ఆలస్యమైనా పిల్ల దక్కదు. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ఈ గండం గురించి రాశారు. సముద్రంలో ఒక ఏడాది చేపలు విపరీతంగా ఉండి ఇంకో ఏడాది లేకపోవడానికి కారణం పెద్ద చేపల్లో లేదనీ, సొన అయిపోయి మొదటి మేత వెతుక్కునే ఆ కొద్దిరోజుల్లో ఎన్ని పిల్లలు బతికాయన్న దానిలో ఉందనీ ఆయన ఆలోచన. ఆ దశను "క్లిష్టదశ" అన్నారు. మా తొట్లో పిల్లలు చచ్చిపోయిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇంకో సంగతి నాకు కొత్తగా తెలిసింది. మనకు నీళ్లు పల్చనివి. ఒకటి రెండు మిల్లీమీటర్ల జీవికి అవే నీళ్లు జిగటగా ఉంటాయి. మనల్ని తేనెలో ఈదమంటే ఎలా ఉంటుందో దానికి నీళ్లలో అలా ఉంటుందట. తోక ఆపితే అక్కడికక్కడే ఆగిపోతుంది, మనలాగా జారుతూ ముందుకు పోదు. ప్రతి అడుగుకూ ఖర్చుంది. ఆ ఖర్చు చద్దిమూటలోంచే పోవాలి. ప్రవాహం గట్టిగా ఉంటే కొట్టుకుపోకుండా ఉండడానికే సొనంతా ఖర్చయిపోతుంది. ప్రవాహం అసలు లేకపోతే ఊపిరాడదు, మేత ఎదురుగా రాదు. ఈ రెండిటి మధ్య సన్నటి దారిలో దాన్ని నడిపించాలి.

కైకలూరు గుండ్రటి తొట్టి

బాబాయి పనిచేసే చోట బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు తీస్తారు. పుస్తకాల్లో వీటినే కట్ల, రోహు, మ్రిగాల అంటారు. ఇవి నది చేపలు. వానాకాలంలో వరద నీళ్లలో గుడ్లు పెడతాయి. చెరువులో పెరుగుతాయి కానీ నిలవ నీళ్లలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. అందుకే ఒకప్పుడు మన రైతులకు చేపపిల్లలు కావాలంటే నదుల్లో వలలు పట్టి ఏరుకు రావాల్సిందే. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి గారు ఒరిస్సాలో పిట్యూటరీ గ్రంథి సారం ఇంజెక్షన్ చేసి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. ఆ రోజునే ఇప్పుడు దేశమంతా జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం.

ఒక కిలో తూగే తల్లి శీలావతి రెండు లక్షలకు పైగా గుడ్లు పెట్టగలదు. మనం ఇష్టంగా వేపుడు చేసుకునే చేప జన అదే. గుడ్లు దొరికాయి సరే, వాటిని ఎక్కడ ఉంచాలి? ఈ గుడ్లు నీళ్లు పీల్చుకుని 4, 5 మిల్లీమీటర్లకు ఉబ్బుతాయి. నీళ్లలో తేలవు, ఏ ఆకుకూ అంటుకోవు. ప్రవాహం ఉంటే నీళ్ల మధ్యలో తిరుగుతాయి, ఆగితే మెల్లగా అడుక్కి దిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. కింద పడ్డవి ఊపిరాడక చస్తాయి. చచ్చిన గుడ్డుకు బూజు పట్టి పక్కదానికి పాకుతుంది. మొదట్లో చెరువులో గుడ్డతో కుట్టిన హాపాలు కట్టి వాటిలో వేసేవాళ్లు. తర్వాత గాజు జాడీలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది చైనా పద్ధతి గుండ్రటి హేచరీ.

దాని కట్టడం బాబాయి ఫోన్‌లోనే వివరించారు. సిమెంటుతో గుండ్రటి తొట్టి. దాని మధ్యలో ఇంకో చిన్న గుండ్రటి గది. ఆ రెండిటికీ మధ్య గోడ బదులు సన్నటి వల చుట్టి ఉంటుంది. బయటి వలయంలో గుడ్లు తిరుగుతాయి. అడుగున వరసగా బాతుముక్కు ఆకారంలో గొట్టాలు ఉంటాయి. అవన్నీ ఒకే దిక్కుకు ఏటవాలుగా తిరిగి ఉంటాయి కాబట్టి వాటిలోంచి వచ్చే నీళ్లు గుడ్లను పైకి లేపుతూ, చుట్టూ తిప్పుతాయి. మిగులు నీళ్లు వలలోంచి మధ్య గదిలోకి పోయి, అక్కడి నిలువు గొట్టంలోంచి బయటికి పోతాయి. నదిని తీసుకొచ్చి గుండ్రంగా చుట్టి పెట్టినట్టు అన్నమాట. నది ముందుకు పోతూనే ఉంటుంది కానీ పిల్ల ఊరు దాటదు.

"అసలు కిటుకు వలలో ఉందమ్మా" అన్నారు బాబాయి. నీళ్లు బయటికి పోయే దారి చిన్నదైతే అక్కడ లాగుడు ఎక్కువ. గుడ్లు, పిల్లలు పోయి వలకు అతుక్కుంటాయి. అవే నీళ్లు పెద్ద వల గుండా పోతే ఒక్కో చోట లాగుడు పల్చబడుతుంది. గుమ్మం చిన్నదైతే పెళ్లి పందిట్లో తోపులాట ఎలా ఉంటుందో, నాలుగు వైపులా తెరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జనం అంతేమందే, తోపులాట మాత్రం ఉండదు.

ఇంకో కిటుకు వయసును బట్టి నీళ్ల వేగం మార్చడం. గుడ్లు బరువుగా ఉన్నప్పుడు తేలి ఉండేలా వేగం పెడతారు. 14 నుంచి 18 గంటల్లో గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది. పెంకులు అడుగున పేరుకుని కుళ్లకుండా కొట్టుకుపోయేలా చూస్తారు. ఆ తర్వాత, పిల్లలు సొంతంగా ఆడడం మొదలుపెట్టేకొద్దీ వేగం తగ్గిస్తారు. మూడో రోజుకు సొన అయిపోతుంది. అప్పుడు వాటిని స్పాన్ అని పిలిచి, నర్సరీ చెరువులోకి తీసుకుపోతారు. "మూడు రోజులూ వాల్వు దగ్గర మనిషి ఉండాలి. ఒకే వేగం పెట్టి ఇంటికెళ్లి పడుకుంటే తెల్లారి వల నిండా పిల్లలే" అన్నారు.

అప్పుడు నాకు మా తొట్టి గుర్తొచ్చింది. అమ్మ చేసింది సరిగ్గా అదే. ఒకే వేగం పెట్టి పడుకోవడం.

గుండ్రం ఎందుకు?

తొట్టి గుండ్రంగా ఎందుకుండాలో తెలుసుకోవాలంటే టీ గ్లాసు చాలు. అడుగున కాస్త టీ పొడి ఉన్న గ్లాసులో చెంచాతో గుండ్రంగా తిప్పి చూడండి. తిరిగే వస్తువు బయటికి పోవాలి కదా, పొడి అంచుకు చేరాలి అనుకుంటాం. అలా జరగదు. చెంచా తీశాక పొడంతా మధ్యకొచ్చి కుప్ప పడుతుంది. కారణం ఏంటంటే, తిరిగే నీళ్లు అంచు వైపు ఒత్తుకుంటాయి. అడుగును ఆనుకున్న నీళ్లు మాత్రం రాపిడి వల్ల నెమ్మదిస్తాయి. ఆ నెమ్మది పొరను అంచు దగ్గరి ఒత్తిడి మధ్యకు తోస్తుంది. పొడి దాంతోపాటు వస్తుంది. నదులు వంపులు తిరగడాన్ని వివరిస్తూ 1926లో ఐన్‌స్టీన్ ఈ టీ ఆకుల సంగతిని విడమరిచి రాశారు.

చేపల తొట్టిలో టీ పొడి బదులు మిగిలిన మేత, మలం, చచ్చిన పిల్లలు ఉంటాయి. గుండ్రటి తొట్టిలో నీళ్లు మెల్లగా తిరిగితే చెత్త తనంతట తానే మధ్యకు చేరుతుంది. అక్కడ సన్న గొట్టంతో తీసేయొచ్చు. నలుచదరపు తొట్టిలో మూలలు ఉంటాయి. ప్రవాహం మూల దాకా పోకుండా వంపు తిరిగిపోతుంది. మూలలో నీళ్లు చచ్చి పడి ఉంటాయి. చెత్త అక్కడే, బలం లేని పిల్లలూ అక్కడే.

గుండ్రంగా ఉంటే చాలని కాదు. వేగం ఎక్కువైతే చెత్తతోపాటు పిల్లల్ని కూడా మధ్యకు ఈడ్చి కుప్ప పోస్తుంది. సముద్రంలో తేలే మరీ సుకుమారమైన జీవుల కోసం జర్మనీలో వుల్ఫ్ గ్రేవే అనే ఆయన 1968లో ఒక తొట్టి తయారుచేశారు. దాన్ని క్రైసెల్ అంటారు. జర్మన్‌లో ఆ మాటకు బొంగరం అని అర్థం. అందులో నీళ్లు మెల్లగా దొర్లుతూ, జీవి ఏ గోడకూ తగలకుండా తిప్పుతూ ఉంటాయి. ఆక్వేరియంలలో జెల్లీచేపల్ని ఇప్పటికీ ఇలాంటి వాటిలోనే ఉంచుతారు.

ముట్టుకాడు పండుగప్ప

మన చెన్నైలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1987లో ఏర్పడిన కేంద్రీయ ఉప్పునీటి జలజీవుల పెంపకం పరిశోధన సంస్థ, అందరూ సిబా అనేది, దాని కేంద్రం ఇక్కడే ఉంది. మహాబలిపురం దారిలో ముట్టుకాడు దగ్గర వాళ్ల ప్రయోగ క్షేత్రం ఉంది. పండుగప్పకు తొట్లలో గుడ్లు పెట్టించి పిల్లలు తీయడం మన దేశంలో మొదటిసారి 1997లో అక్కడే సాధ్యమైంది.

పండుగప్ప గుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. లోపల నూనె చుక్క ఉండడం వల్ల ఉప్పునీటిలో తేలుతుంది. పుట్టిన పిల్ల పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. శీలావతి పిల్లకు పెట్టినంత ప్రవాహం దీనికి పెడితే చిరిగిపోయినట్టే. మొదటి రోజుల్లో నీళ్లు దాదాపు మార్చరు. అడుగు నుంచి మెల్లగా బుడగలు మాత్రం వదులుతారు. మూడో రోజు నుంచి రోటిఫర్ అనే కంటికి సరిగ్గా ఆనని జీవుల్ని మేతగా వేస్తారు. నీళ్లు గబగబా మారిస్తే మేత కూడా కొట్టుకుపోతుంది. నీళ్లకు పచ్చదనం ఇచ్చే నాచుకణాలు కలుపుతారు. అవి రోటిఫర్‌కు ఆహారం, వెలుతురును కూడా మెత్తబరుస్తాయి. పిల్లలు పెరిగేకొద్దీ రోజూ మార్చే నీళ్లు పెంచుకుంటూ పోతారు.

ఇందులో నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి నీళ్ల పైపొర. పండుగప్ప లాంటి చాలా చేపల పిల్లలు పుట్టిన కొద్దిరోజులకు ఒక్కసారి పైకొచ్చి గుక్కెడు గాలి మింగాలి. ఆ గాలితోనే లోపలి ఈతతిత్తి ఉబ్బుతుంది. దానికి దొరికే వ్యవధి కొద్దిరోజులే. మేతలోంచో, చచ్చిన జీవుల నుంచో వచ్చిన జిడ్డు నీళ్ల మీద పొరగా కడితే, అంత చిన్న నోటితో పిల్ల ఆ పొరను చీల్చలేదు. గాలి అందదు, తిత్తి ఉబ్బదు. అలాంటి పిల్ల తేలి ఉండడానికి జీవితాంతం తోక ఆడిస్తూనే ఉండాలి. వెన్ను వంకర తిరుగుతుంది. అందుకే హేచరీల్లో పైపొర జిడ్డును ఒక పక్కకు తోసి తీసేసే ఏర్పాటు ఉంటుంది. కంటికి కనపడని పల్చటి జిడ్డు ఒక ఈత మొత్తాన్ని పాడుచేయగలదు.

ఫైటరుకు నిలవ నీరే

ఇదంతా చదివి నేను ఫైటర్ చేపల తొట్లో కూడా నీళ్లు తిప్పుదామని బయల్దేరాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "దానికి కదిలితే సరిపోదే" అంది. అమ్మ చెప్పింది నిజం. ఫైటర్ వరిచేల నిలవ నీళ్ల చేప. మగచేప నీళ్ల మీద బుడగలతో గూడు కట్టి, ఆడచేప పెట్టిన గుడ్లను అందులో చేరుస్తుంది. జారిపోయిన గుడ్డునూ, పిల్లనూ నోటితో పట్టి మళ్లీ గూట్లో పెడుతుంది. అక్కడ నీళ్లు కదిలితే గూడే చెదిరిపోతుంది. కొన్ని వారాలయ్యాక ఈ పిల్లలు పైగాలి పీల్చడం మొదలుపెడతాయి. అప్పుడు నీళ్ల మీది గాలి చల్లబడకుండా మూత ఉంచాలి.

నదిలో పుట్టే దానికి నది కావాలి, పొలంలో పుట్టే దానికి పొలం కావాలి. తొట్టి మంచిదా చెడ్డదా అని విడిగా అడగడంలో అర్థం లేదు. ఏ పిల్లకు, ఏ వయసులో అని అడగాలి.

పసుపు పరీక్ష

ఇక మా ఏంజెల్ సంగతి. బాబాయి చెప్పినట్టే చేశాం. తొట్టి కడిగి, చేపలేవీ లేకుండా నీళ్లు నింపి, ఎప్పటిలాగే మోటారు వేసి, అందులో చిటికెడు పసుపు కలిపాం. ఇద్దరం పక్కన కూర్చుని చూశాం. బుడగల దగ్గర పసుపు జివ్వున పైకి లేచింది. పైన అవతలి గోడ దాకా పోయి గట్టిగా తగిలి కిందికి దూకింది. అడుగున మళ్లీ బుడగల వైపు లాక్కుపోయింది. అవతలి రెండు మూలల్లో మాత్రం కదలిక లేదు. కాసేపటికి పసుపంతా ఆ మూలల్లో పేరుకుంది. చచ్చిన పిల్లలు పొద్దున్నే ఎక్కడ దొరికేవో సరిగ్గా అక్కడే. అమ్మ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు ఆ మూలనే చూస్తూ కూర్చుంది.

ఏంజెల్ తల్లిదండ్రులు గుడ్ల ముందు నిలబడి రెక్కలతో విసురుతూ ఉంటాయి. ఆ విసురుకు గుడ్లకు కొత్త నీళ్లు అందుతాయి, బూజు పట్టదు. తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయని అమ్మ పలకను వేరే తొట్టిలోకి మార్చేది. అప్పుడు ఆ విసురుడు పని గాలి బుడగలు చేయాలి. అంతవరకు అమ్మ లెక్క సరైనదే, గుడ్లు బాగానే పొదిగేవి. రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, తల దగ్గరి జిగురు దారాలతో పలకకే అంటుకుని ఇంకో నాలుగైదు రోజులు తోక ఆడిస్తూ ఉండేవి. అప్పుడు కూడా ఆ గాలి పనికొచ్చేది. దారం వదిలి ఈదడం మొదలుపెట్టగానే అదే గాలి వాటి పాలిట వరద అయ్యేది. చాలడం లేదని అమ్మ పెద్ద మోటారు కొన్నది, వరద ఇంకా పెరిగింది. పిల్లలు మేత పట్టడానికి బదులు కొట్టుకుపోకుండా ఉండడానికే బలమంతా పోగొట్టుకుని, మూలకు చేరి పడిపోయేవి. తప్పు మోటారుది కాదు, అమ్మదీ కాదు. పిల్ల వయసు మారినా మేం నీళ్లు మార్చలేదు, అంతే.

నాలుగో ఈతకు ఇలా చేశాం. అద్దాల తొట్టి బదులు గుండ్రటి ప్లాస్టిక్ టబ్బు పెట్టాం. గాలి గొట్టానికి పది రూపాయల వాల్వు బిగించాం. గుడ్లప్పుడు బుడగలు ధారగా, పిల్లలు దారం వదిలాక ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేలా తగ్గించాం. నీళ్లు లాగే ఫిల్టరు తీసేసి స్పాంజి ఫిల్టరు పెట్టాం. దాని ఒళ్లంతా రంధ్రాలే కాబట్టి లాగుడు ఎక్కడా గట్టిగా ఉండదు, బాబాయి చెప్పిన పెద్ద వల సూత్రమే. రోజూ పొద్దున నీళ్ల మీద టిష్యూ కాగితం పరిచి తీస్తే జిడ్డు దానికి అంటుకుని వచ్చేసేది. మేత అప్పుడే పొదిగిన ఆర్టీమియా, మునుపటిదే. మేత మార్చకుండా నీళ్ల నడక మాత్రమే మార్చాం, తేడా దేనివల్ల వచ్చిందో తెలియాలని.

ఆ ఈతలో సగానికి పైగా దక్కాయి. అమ్మ వాటిని కొళత్తూరుకు తీసుకెళ్లిన రోజు నేనూ వెళ్లాను. ఐదో ఈత మళ్లీ పోయింది. అది మాత్రం లారీ నీళ్ల వల్ల. మా వైపు బోరు నీళ్లు ఉప్పన కాబట్టి చేపలకు కూడా లారీ నీళ్లే పోస్తాం. వాటిలో క్లోరిన్ ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి వాడాలి. తొందరలో అదే రోజు పోశాం. తొట్టి ఎంత బాగున్నా నీళ్లు మంచివి కాకపోతే చేయగలిగింది లేదు.

పెద్ద తొట్టి

ఆ మాట రాస్తుంటే మా ఊరి పక్కనున్న ఎన్నూరు కయ్య గుర్తొస్తోంది. కొసస్తలైయారు సముద్రంలో కలిసే చోటది. అదొక పెద్ద హేచరీ అనుకోండి. పోటుతో సముద్రపు నీళ్లు లోపలికొస్తాయి, వాటితోపాటు ఈత సరిగ్గా రాని చేపపిల్లలు, రొయ్యపిల్లలు వస్తాయి. మడచెట్ల వేళ్ల మధ్య నీళ్లు నెమ్మదిస్తాయి. అక్కడ మేత తిని బలం పుంజుకుని, పెద్దయ్యాక బయటికి పోతాయి. గట్టి ప్రవాహం, నెమ్మది ప్రవాహం, కొత్త నీళ్లు, చెత్త పోయే దారి, అన్నీ ఎవరూ వాల్వు తిప్పకుండానే అక్కడ జరుగుతాయి. ముఖద్వారం ఇసుకతో పూడితే నీళ్లు లోపల ఆగిపోతాయి. బాబాయి మూడు ప్రశ్నలూ అక్కడ కూడా అడగొచ్చు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో మనలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు బకింగ్‌హాం కాలువ గుండా ఆ కయ్యలోకి చేరింది. జాలర్లు బకెట్లతో, మగ్గులతో చమురు తోడడం మీరు టీవీలో చూసే ఉంటారు. పడవలకు, వలలకు, చెట్లకు పట్టిన నలుపు అందరికీ కనిపించింది. నాకు అప్పుడు తెలియనిది ఇప్పుడు తెలిసింది. హేచరీలో పల్చటి జిడ్డు పొరకే గుక్కెడు గాలి అందక పిల్లలు పాడవుతాయి. కయ్య మీద పరుచుకున్న ఆ పొర కింద పైకి రావాలని చూసిన పిల్లలెన్నో. వాటిని ఎవరూ చూడలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకటిన్నర మిల్లీమీటరు ప్రాణి చచ్చిపోతే వాసన కూడా రాదు.

మా అమ్మ తొట్లు అమ్మలేదు. ఇప్పుడు పక్కింటి అక్క కూడా ఏంజెల్ పెంచుతానని వచ్చింది. అమ్మ ఆమెకు మేత గురించి ఏమీ చెప్పలేదు. ముందు ఖాళీ టబ్బులో నీళ్లు నింపించి, చిటికెడు పసుపు వేయించి, "కూర్చుని చూడు, ఎక్కడ ఆగుతున్నాయో" అంది. మీలో ఎవరింట్లోనైనా చేపల తొట్టి ఉంటే, చేపల్ని వేరే గిన్నెలోకి తీసి, మీరూ ఒకసారి చూడండి. మూలలో పసుపు పేరుకుంటే నాకు చెప్పండి. వాల్వు ఎక్కడ దొరుకుతుందో చెప్తాను.

సామెత మాత్రం మారక్కర్లేదు. చేపపిల్లకు ఈత ఎవరూ నేర్పనక్కర్లేదు, నిజమే. ఈత వచ్చేదాకా దాన్ని మోసే నీళ్లు మాత్రం ఎవరో ఒకరు చూడాలి.

— రెండో సంవత్సరం విద్యార్థిని, మనలి